టెక్ సందేహాలు: ఆటోమేటిక్ కారులో ‘ఎస్’ ఎందుకు?

ప్రశ్న: ఇరవై ఏళ్లు మాన్యువల్ కారు నడిపి, ఈమధ్యే ఆటోమేటిక్ తీసుకున్నాను. లివర్ పక్కన పి, ఆర్, ఎన్, డి, ఎస్ అని ఉన్నాయి. ఎస్‌లో పెడితే ఇంజిన్ హోరుమంటోంది, గేర్‌బాక్స్ పాడవుతుందేమోనని టెన్షన్. వచ్చే నెల కుటుంబంతో తిరుమల వెళ్తున్నాం. కొండ దిగేటప్పుడు ఎన్‌లో పెడితే పెట్రోలు కలిసొస్తుందని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ప్రాణాలతో ముడిపడిన విషయం కాబట్టి ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఘాట్‌రోడ్డులో దయచేసి ఎన్ జోలికి వెళ్లకండి. న్యూట్రల్‌లో ఇంజిన్‌కూ చక్రాలకూ లంకె తెగిపోతుంది. బండిని అదుపు చేసే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. మలుపు మలుపుకీ తొక్కుతూ పోతే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. పైగా పెట్రోలూ మిగలదు. గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు చాలావరకు ఇంధనం తీసుకోవడం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఆగిపోకుండా ఉండటానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటాయి.

ఇక ఎస్, అంటే స్పోర్ట్. పాత కారులో లారీని దాటాలంటే నాలుగో గేరు నుంచి మూడుకి దించేవారు కదా, ఇదీ అలాంటిదే. డి, అంటే మామూలుగా నడిపే డ్రైవ్‌లో గేర్‌బాక్స్ మైలేజీ చూసుకుని త్వరగా పై గేరుకి వెళ్లిపోతుంది. ఎస్‌లో కింది గేరునే పట్టుకుని ఉంటుంది, మీరు విన్న హోరు అదే. పరిమితి దాటకుండా కంప్యూటర్ కాపలా కాస్తుంది కాబట్టి గేర్‌బాక్స్‌కి భయం లేదు. ఇంజిన్ బలమేమీ పెరగదు, ఉన్న బలం వెంటనే అందుతుంది, అంతే. ఊళ్లో ట్రాఫిక్‌లో దీని అవసరం లేదు, మైలేజీ పడిపోతుంది.

కొండ దిగేటప్పుడు మాత్రం ఎస్ చాలా ఉపయోగం. కింది గేరులో ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. అయినా వేగం పెరుగుతుంటే, మీ లివర్‌కి ప్లస్, మైనస్ ఉంటే మైనస్ వైపు లాగి రెండో గేరుకో మూడో గేరుకో దించండి. కొన్ని కార్లలో ఇందుకే ‘ఎల్’ (లో, అంటే కింది గేరు) ఇస్తారు. నడుస్తుండగానే డి నుంచి ఎస్‌కి మార్చవచ్చు. ఆర్ (రివర్స్), పి (పార్కింగ్) మాత్రం కారు పూర్తిగా ఆగాకే.

వాలులో ఆపినప్పుడు చాలామంది నేరుగా పిలో పెట్టి బ్రేకు వదిలేస్తారు. పి అంటే గేర్‌బాక్స్‌లో పళ్లచక్రానికి తగులుకునే చిన్న ఇనుప కొక్కెం. కారు బరువంతా దాని మీద వేయడం అన్యాయం. బ్రేకు తొక్కి ఉంచి, ముందు హ్యాండ్‌బ్రేకు వేసి, తర్వాత పిలో పెట్టండి.

ఏఎంటీ, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు వాటంతటవే మారే ఏర్పాటు తగిలించిన కార్లవాళ్లకు ఒక మాట. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో జనంలోకి వచ్చిన ఈ రకంలో చాలా కార్లకు పి ఉండదు. గేరులోనే ఉంచి ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేకు వేయాలి. ఎత్తులో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, క్లచ్ కాలిపోతుంది.

తిరుమల వెళ్లేలోపు ఒక ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద డి, ఎస్ మార్చి చూసుకోండి. వీలైతే బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకోండి.