కిరునా వ్యాసం చదివాక

అమ్మాయీ, ఆశీస్సులు.

ఉత్తర స్వీడన్ మీద, అక్కడి కిరునా ఊరి మీద నువ్వు పంపిన యాత్రా వ్యాసం చదివాను. అరోరా (రాత్రి ఆకాశంలో కనబడే ధ్రువకాంతి), మంచు హోటల్, కుక్కల బండి, రెయిన్‌డీర్లు (మంచుదేశపు జింకలు), అన్నీ ఉన్నాయి. అవన్నీ టూర్ కంపెనీ కరపత్రంలోనూ ఉంటాయి. అందులో లేనిది నీ కన్ను. అది నీ వ్యాసంలోనూ కనబడలేదు.

ముందు ఆకాశం సంగతి. 'పచ్చని కాంతి నాట్యమాడింది' అని రాశావు. నిజం చెప్పు, మొదట చూసినప్పుడు అది పచ్చగానే ఉందా? అరోరా బలంగా లేని రాత్రి మామూలు కంటికి అది బూడిదరంగు మబ్బు చారలాగే ఉంటుంది. ఫోన్ కొన్ని సెకన్లపాటు వెలుగును పోగుచేసుకుంటుంది కాబట్టి ఫోటోలో పచ్చరంగు తేలుతుంది. నువ్వు రాసింది ఫోన్ చూసిన అరోరా. మబ్బేమో అనుకున్నానని రాస్తే చదివేవాడు నిన్ను నమ్ముతాడు. ఆ తర్వాత నువ్వు పచ్చరంగు అన్నా నమ్ముతాడు. అరోరా చూడ్డానికి అబిస్కో అనే ఊరికే ఎందుకు వెళ్లావో కూడా చెప్పలేదు. నార్వే వైపు నుంచి వచ్చే తేమను పడమటి కొండలు అడ్డుకుంటాయి కాబట్టి అక్కడ ఆకాశం తేటగా ఉండే రాత్రులు ఎక్కువ. ఈ ఒక్క వాక్యం రాస్తే 'అద్భుతం'లు సగం కొట్టెయ్యొచ్చు.

యుక్కాస్‌యార్వి మంచు హోటల్ గురించి బాగానే రాశావు, కానీ చలికి వణికినట్టు ఎక్కడా లేదు. టోర్నె నదిలో కోసిన మంచుగడ్డలను వేసవంతా గోదాములో దాచి, చలికాలం రాగానే వాటితో గదులు కడతారని, వసంతంలో అవి కరిగి మళ్లీ ఆ నదిలోకే పోతాయని రాయి. లోపల సుమారు మైనస్ 5 డిగ్రీలు. రాత్రి బాత్రూమ్‌కి లేవాలంటే వెచ్చటి భవనం దాకా నడవాలి. మనవాళ్లు మొట్టమొదట అడిగేది అదే. మొహమాటపడకుండా రాసెయ్.

కుక్కల బండికి ఒక్క మాట చాలు: బయల్దేరే ముందు చెవులు పగిలేలా అరిచే కుక్కలు, పరుగు మొదలవగానే నోరు మూస్తాయి. కానీ దాన్ని అక్కడి ఆదివాసులైన సామీల సంప్రదాయం అన్నావు, ఆ మాట తీసెయ్. వాళ్ల పాత బతుకు రెయిన్‌డీర్లతోనూ స్కీలతోనూ సాగింది. మందలో ఎన్ని ఉన్నాయని కాపరిని అడిగానని సరదాగా రాశావు చూడు, అక్కడ అది ఆస్తి ఎంతని అడగడమే. ఆయన నవ్వి మాట మార్చాడన్నావు కదా, ఆ నవ్వెందుకో ఇప్పుడు నీకు తెలుసు కాబట్టి అక్కడ ఇంకాసేపు ఆగు.

ఇక అసలు విషయం. 'ఊరు కొత్తగా, శుభ్రంగా ఉంది' అని ఒక్క లైనులో దాటేశావు. ఎందుకు కొత్తగా ఉందో అడగలేదా? కిరునా కింద పెద్ద ఇనుప గని ఉంది. ఖనిజం ఊరి కిందికి వాలుగా సాగుతుంది. తవ్వేకొద్దీ పైన నేల కుంగి పగుళ్లు వస్తున్నాయి, అందుకే ఊరి నడిబొడ్డునే జరుపుతున్నారు. 1912 నాటి చెక్క చర్చిని, 672 టన్నుల బరువున్నదాన్ని, 2025 ఆగస్టులో నిలువునా బండ్లమీదికెత్తి రెండు రోజుల్లో 5 కిలోమీటర్లు తీసుకెళ్లారు. దానికోసం దారి వెడల్పు చేశారు. ఆ చర్చి ముందు నువ్వు సెల్ఫీ దిగావు! శ్రీశైలం నీళ్లలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టుకున్నవాళ్లం మనం. ఈ కథ మనవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. గని జీతంతో బతుకుతూ, అదే గని కోసం ఇల్లు వదిలినవాళ్లు ఏమంటున్నారో ఒకరిద్దరిని అడిగి రాయి.

కాబట్టి వ్యాసం చర్చితో మొదలుపెట్టు. అరోరా మూడో పేజీకి వెళ్లినా నష్టం లేదు. డిసెంబరులో సూర్యుడు దిగంతం పైకి రాని రోజుల్లో మధ్యాహ్నం పూట కాసేపుండే నీలి వెలుగు గురించి ఎక్కడా లేదు. ఆ వెలుగులోనే కదా నువ్వు రోజూ తిరిగింది. దాన్ని కూడా చేర్చు.

నెలాఖరుకల్లా పంపు. ఈసారి ఫోటోలు జతచేయకు.

మీ మాస్టారు