పన్నెండు దారులు నేర్చుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి శైలజకు మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం అందింది. ఆక్యుపంక్చర్ తరగతిలో చేరి నెల తిరగకముందే పన్నెండు మెరిడియన్ల (ఒంట్లో శక్తి సాగే దారుల) పేర్లనూ, వాటి మీద సూది గుచ్చే 309 బిందువులనూ వరుస సంఖ్యలతో సహా అప్పగించమంటున్నారనీ, సాయంత్రం కంఠతా పట్టింది తెల్లవారేసరికి చెదిరిపోతోందనీ రాశావు. బిందువుల పుస్తకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు దారులు మాత్రమే నేర్చుకోమని నా సలహా. ఈ విద్య పుట్టిన చోట కూడా వరుస అదే. 1973లో హునాన్ రాష్ట్రంలోని చాంగ్షా దగ్గర మవాంగ్‌దుయ్ మూడవ సమాధిని తవ్వినప్పుడు, పట్టుగుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి. క్రీ.పూ. 168లో మూసిన ఆ సమాధిలోని రాతల్లో పదకొండు దారుల వర్ణన ఉంది, ఏ బాధకు ఏ దారి మీద ఆకు కాల్చి కాపడం పెట్టాలో ఉంది. బిందువుల పేర్లు మాత్రం లేవు. (ఆ ఆకు మనం వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రి జాతిదే.) పన్నెండవదైన గుండెపొర మెరిడియన్ ఆ తరువాత వచ్చి చేరింది. దారి ముందు, దాని మీది మజిలీలు తరువాత.

చైనా భాషలో ఈ దారిని ‘జింగ్’ అంటారు. ఆ అక్షరానికి మగ్గం మీది పడుగు అనే అర్థం కూడా ఉంది. చీరాలలో పెరిగినదానివి కనుక, నిలువునా సాగే పడుగు నూలు ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పనక్కర లేదు. మెరిడియన్లు కూడా ఒంటి పొడవునా అలాగే సాగుతాయి. ఇక యిన్ అంటే మొదట కొండకు నీడపడే వైపు, యాంగ్ అంటే ఎండ పడే వైపు. మనిషి నాలుగు కాళ్ల జంతువులా చేతులు నేలకు ఆనించి వంగి ఉన్నాడనుకో. ఎండ పడే వీపు, చేతుల వెలుపలి వైపు, కాళ్ల వెలుపలి వైపు యాంగ్; నీడలో ఉండే పొట్ట, చేతుల లోపలి వైపు, కాళ్ల లోపలి వైపు యిన్. ఈ ఒక్క బొమ్మ మనసులో నిలిస్తే, ఏ మెరిడియన్ ఏ వైపుదో చాలావరకు నీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తు. ఆ భంగిమలో యిన్ దారులన్నీ కింది నుంచి పైకి పోతాయి, యాంగ్ దారులన్నీ పై నుంచి కిందికి దిగుతాయి. వాటిలో సాగే శక్తిని చైనావారు ‘ఛీ’ అంటారు. మన చెవికి అది తిట్టులా వినిపిస్తే తప్పు వారిది కాదు. ఆ శక్తి ఒంట్లో మూడు చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క చుట్టూ రొమ్ము నుంచి చేతికి, చేతి నుంచి ముఖానికి, ముఖం నుంచి పాదానికి, పాదం నుంచి తిరిగి రొమ్ముకు చేరుతుంది కనుక నాలుగు దారులు పూర్తవుతాయి. మూడు నాలుగులు పన్నెండు. మొదటి చుట్టులో ఊపిరితిత్తుల దారి బొటనవేలికి వస్తుంది, పెద్దపేగు దారి చూపుడు వేలి నుంచి ముక్కు పక్కకు, జీర్ణాశయపు దారి కంటి కింద నుంచి కాలి రెండవ వేలికి, ప్లీహపు దారి కాలి బొటనవేలి నుంచి రొమ్ము పక్కకు పోతాయి. రెండవ చుట్టులో గుండె దారి చంక నుంచి చిటికెన వేలికి, చిన్నపేగు దారి అక్కడి నుంచి చెవి ముందుకు, మూత్రాశయపు దారి కంటి లోపలి కొన నుంచి వీపు మీదుగా కాలి చిటికెన వేలికి, మూత్రపిండాల దారి అరికాలి నుంచి మెడ కింది ఎముక దాకా. మూడవ చుట్టులో గుండెపొర, ట్రిపుల్ వార్మర్ (ఒంటి మూడు భాగాల పనిని కలిపి చెప్పే పేరు), పిత్తాశయం, కాలేయం ఇదే పద్ధతిలో నడుస్తాయి, కాలేయం దగ్గర మళ్లీ ఊపిరితిత్తులు అందుకుంటాయి. చేతివేళ్ల దగ్గర యిన్ యాంగ్‌కు అప్పగిస్తుంది, ముఖం మీద యాంగ్ యాంగ్‌కు, కాలివేళ్ల దగ్గర యాంగ్ యిన్‌కు, రొమ్ములో యిన్ యిన్‌కు అప్పగిస్తాయి. దీన్ని నోటితో వల్లించవద్దు. వేలితో నీ ఒంటి మీదే గీస్తూ నడువు.

అలా నడిచేటప్పుడు రెండు చోట్ల నీకు అనుమానం వస్తుంది, రావాలి కూడా. మొదటిది జీర్ణాశయపు దారి. అది యాంగ్ అయి ఉండి కూడా, ఎండ పడని రొమ్ము మీదుగా, పొట్ట మీదుగా దిగుతుంది. యాంగ్ దారులు మూడు జంటలుగా మనిషిని ముందు, పక్క, వెనుక అని పంచుకున్నాయనీ, అందులో ముందు వైపు యాంగ్‌మింగ్ (పెద్దపేగు, జీర్ణాశయపు దారుల జంట) వాటాకు వచ్చిందనీ గుర్తుపెట్టుకో. ఎండా నీడల బొమ్మ ఇక్కడ సరిపోదు, దాన్ని బలవంతంగా అతికించే ప్రయత్నం చేయవద్దు. రెండవది కాలి లోపలి వైపున్న ప్లీహమూ కాలేయమూ. మోకాలి పైన వరుసలో ప్లీహపు దారే ముందుంటుంది. చీలమండ దగ్గర మాత్రం కాలేయపు దారి ముందుంటుంది, లోపలి చీలమండకు ఎనిమిది త్సున్‌ల పైన రెండూ ఒకదాన్నొకటి దాటి తమ తమ చోట్లు మార్చుకుంటాయి. బిందువులను అంకెలుగా బట్టీ పట్టినవారు పరీక్షలో తడబడేది సరిగ్గా ఇక్కడే.

త్సున్ అంటే కొలత. రోగి బొటనవేలి కణుపు వెడల్పు ఒక త్సున్, నాలుగు వేళ్లు జోడిస్తే మూడు, మోచేతి మడత నుంచి మణికట్టు మడత దాకా పన్నెండు. రోగి వేలు అన్నానని గమనించు. నేను నేర్చుకునే రోజుల్లో, పుల్లలా ఉన్న ఒక ముసలమ్మ ముంజేతిని నా లావుపాటి వేలితో కొలిచి, మణికట్టుకు రెండు త్సున్‌ల పైన ఉండవలసిన నెయ్‌గువాన్ బిందువును ఎక్కడో పైన గుర్తుపెట్టాను. గురువుగారు ఏమీ అనలేదు. ఆమె వేలిని నా వేలి పక్కన పెట్టి చూపించారు. ఆనాటి సిగ్గు ఇప్పటికీ పోలేదు. సాంగ్ వంశ కాలంలో 1027లో వాంగ్ వెయ్‌యీ పోత పోయించిన కంచు మనిషి బొమ్మకు మైనం పూసి, లోపల నీరు నింపి, విద్యార్థి సూది సరైన రంధ్రంలో దిగితే నీరు కారేలా పరీక్షించేవారని చెబుతారు. మన దగ్గర కంచు బొమ్మ లేదు, రోగి ఉన్నాడు.

అవయవాల పేర్ల విషయంలో నోరు అదుపులో పెట్టుకోవాలి. చైనా వైద్యంలో మూత్రపిండం, ప్లీహం అంటే కొన్ని పనుల సముదాయమే తప్ప, స్కానింగ్‌లో కనిపించే అవయవం ఒక్కటే కాదు. ట్రిపుల్ వార్మర్‌కైతే ఫలానా అవయవమని చూపించడానికే లేదు. ‘మీ కిడ్నీ బలహీనంగా ఉంది’ అని నీవు చల్లగా అనేస్తావు, ఆ మనిషి ఆ సాయంత్రమే క్రియాటినిన్ పరీక్షకు పరుగెత్తుతాడు, రాత్రంతా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. రోజులో ఒక్కొక్క దారికి రెండేసి గంటలు పంచి, తెల్లవారుజామున మూడు నుంచి అయిదు గంటల వరకు ఊపిరితిత్తుల వేళ అనే గడియారపు లెక్కను కూడా నేర్చుకో, కానీ ఆ వేళ మెలకువ వచ్చిన ప్రతివారికీ ఊపిరితిత్తుల దోషం అంటగట్టవద్దు. ఎవరైనా మెరిడియన్లంటే మన ఇడ, పింగళ నాడులే కదా అంటే తల ఊపవద్దు. అవి వేరే శాస్త్రానివి, వాటి లెక్క వేరు. దేహాన్ని కోసి చూస్తే మెరిడియన్ అనే నాళం కనిపిస్తుందా అని అడిగితే, కనిపించదని దాచకుండా చెప్పు.

గర్భిణుల విషయంలో చేతి మీది హెగు బిందువునూ, చీలమండ పైన మూడు యిన్ దారులు కలిసే సాన్‌యిన్‌జియావ్ బిందువునూ ముట్టుకోవద్దు. భుజం మీది జియాన్‌జింగ్ కూడా గర్భిణులకు నిషిద్ధమే. మిగతావారిలో కూడా అక్కడ సూది లోతుగా దిగితే ఊపిరితిత్తి పొరకు తగిలే ప్రమాదం ఉంది కనుక, మరో రెండేళ్లు ఆ వైపు సూదితో వెళ్లవద్దు, వేలితో నొక్కితే చాలు.

దసరాకు వచ్చేటప్పుడు కనుబొమల పెన్సిల్ ఒకటి తెచ్చుకో. మీ తమ్ముడి చేతుల మీద, కాళ్ల మీద మూడు చుట్లూ పుస్తకం చూడకుండా గీసి చూపించు. అవి సరిపోయిన రోజున బిందువుల సంఖ్యలు మొదలుపెడదాం.

ఇట్లు,
నీ మేనమామ