స్పైడర్‌మ్యాన్ 2 పీసీ గేమ్‌లో నగరమంతా తిరగలేకపోతున్నాను, నా డిస్క్‌లో ఏదైనా తేడా ఉందా?

డిస్క్‌లో తేడా ఏమీ లేదండి, మీ కంప్యూటరూ బాగానే ఉంది. తమ్ముడి కోసం 2004 నాటి స్పైడర్‌మ్యాన్ 2 పాత పీసీ డిస్క్ సంపాదించానని, వీడియోల్లో చూసిన పెద్ద నగరం అందులో లేదని, గుర్తు కనిపించిన చోట తప్ప వెబ్ (స్పైడర్‌మ్యాన్ విసిరే సాలెదారం) పడటం లేదని రాశారు. గ్రాఫిక్స్ కార్డు మార్చాలా అని అడిగారు. దయచేసి కార్డు కొనకండి. మీరు వీడియోల్లో చూసింది ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్ అనే కన్సోళ్ళ కోసం, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల కోసం చేసిన గేమ్. మీ డిస్క్‌లో ఉన్నది వేరే బృందం వేరుగా తయారుచేసిన గేమ్. రెండింటికీ పేరు మాత్రమే ఒకటి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ డిస్క్‌తో నేనూ దాదాపు రెండు వారాలు కుస్తీ పట్టాను. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. మా పెద్దమ్మ కొడుకు దగ్గర ప్లేస్టేషన్ 2 ఉండేది. సెలవుల్లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అన్నయ్య కంట్రోలర్ నా చేతికిచ్చి, "మిషన్ సంగతి తర్వాత చూద్దువులే, ముందు ఊరికే ఊగు" అన్నాడు. ఆ మధ్యాహ్నమంతా నేను చేసిన పని అదే. మాన్‌హాటన్ మొత్తం తెరిచి ఉంది. ఎక్కడినుంచి ఎక్కడికైనా వెళ్ళొచ్చు. అంత ఎత్తు మేడ మీదినుంచి కిందికి దూకి, నేల తగిలేలోపు వెబ్ వేస్తే, పడుతున్న వేగమంతా ఊపుగా మారి వీధి పొడవునా విసిరేసేది. ఇంటికొచ్చాక మా కంప్యూటర్ కోసం అదే పేరున్న డిస్క్ కొనిపెట్టమని నాన్నని చాలా రోజులు బతిమాలాను.

తీరా పెట్టి చూస్తే మీకు కనిపించిందే నాకూ కనిపించింది. గోడల మీద అక్కడక్కడా ఒక గుర్తు, దాని మీద మౌస్ క్లిక్ చేస్తే వెబ్ పడుతుంది, స్పైడర్‌మ్యాన్ తనంతట తనే ఊగుతాడు. నగరం ఒక్కటిగా లేదు, ముక్కలుగా ఉంది. కథ ఏ ముక్కలోకి తీసుకెళితే అందులోనే తిరగాలి. తప్పు మా కంప్యూటర్‌దే అనుకున్నాను. గేమ్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్లు) మార్చాను. సెట్టింగుల్లో ప్రతి గీతా ఒకసారి పైకి, ఒకసారి కిందికి జరిపి చూశాను. కొన్ని మిషన్లు పూర్తిచేస్తే అసలు నగరం తెరుచుకుంటుందేమోనన్న ఆశతో చివరిదాకా ఆడాను. తెరుచుకోలేదు. నాన్న కొనిచ్చిన వస్తువు బాగాలేదని ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. మీరూ ఇప్పుడు సెట్టింగుల్లోనే వెతుకుతున్నారని చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ఆ ఊగడంలో ఏముందో తెలిస్తే పీసీలో పోయిందేమిటో అర్థమవుతుంది. 2002లో మొదటి సినిమాతో వచ్చిన గేమ్‌లో వెబ్ పైకి వెళ్ళేది కానీ దేనికీ అతుక్కునేది కాదు, ఆకాశానికి కట్టినట్టు ఉండేది. 2004లో కన్సోల్ గేమ్ చేసిన ట్రేయార్క్ స్టూడియోలో జేమీ ఫ్రిస్ట్రమ్ దీన్ని మార్చారు. స్పైడర్‌మ్యాన్ చుట్టూ ఉన్న భవనాలను గేమ్ అప్పటికప్పుడు వెతికి, వెబ్‌ను నిజంగా ఒక గోడకో అంచుకో అతికిస్తుంది. అక్కడినుంచి అతను లోలకంలా ఊగుతాడు. ఎప్పుడు వదలాలన్నది ఆడేవాళ్ళ చేతిలో ఉంటుంది. ముందే వదిలితే ముందుకు, ఆలస్యంగా వదిలితే పైకి వెళతాం. చుట్టూ భవనాలు లేకపోతే అంత ఎత్తున ఊగడానికి ఆధారం దొరకదు, అందుకే సెంట్రల్ పార్క్ దాటడం కూడా ఒక పనే. పిజ్జా డెలివరీ లాంటి చిన్న పనులు కూడా జనానికి ఇప్పటికీ గుర్తున్నాయంటే కారణం దారిలో ఆ ఊగడమే. పీసీ గేమ్‌లో గుర్తు మీద క్లిక్ చేశాక మనం చేయడానికి ఏమీ మిగలదు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే జరిగింది. బొమ్మలు కాస్త మోటుగా ఉన్నా సర్దుకునేవాణ్ణి.

పీసీకి వేరే గేమ్ ఎందుకు చేశారన్నదానికి నాకు తోచింది చెబుతాను. సినిమా 2004 జూన్ చివర్లో విడుదలైంది, గేమ్ కూడా అదే వారంలో రావాలి. కన్సోల్ గేమ్‌ను పీసీకి మార్చాలంటే రకరకాల గ్రాఫిక్స్ కార్డుల మీద పరీక్షించాలి, కంట్రోలర్ కోసం చేసిన ఊగుడును మౌస్, కీబోర్డుకి తగ్గట్టు మళ్ళీ తీర్చాలి. ఇంట్లో మామూలు కంప్యూటర్ మీద చిన్నపిల్లలు ఆడతారన్న లెక్కతో సులువైన గేమ్ చేశారని దాన్ని చూస్తేనే తెలుస్తుంది. అలా చేయడం తప్పని నేను అనను. కానీ అదే పేరుతో, ఇది వేరే గేమ్ అని ఎక్కడా చెప్పకుండా అమ్మడం మాత్రం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. పైగా 2002 నాటి గేమ్ పీసీకి వచ్చినప్పుడు కన్సోల్‌లో ఉన్నదే వచ్చింది. రెండోదీ అలాగే వస్తుందని నమ్మినవాళ్ళది తప్పెలా అవుతుంది?

ఆ రోజుల్లో సినిమా గేములకి ఇది మామూలే. 2008 నాటి ఐరన్‌మ్యాన్ గేమ్‌కి పీసీలో వచ్చింది ఎక్స్‌బాక్స్ 360లో ఉన్నది కాదు, ప్లేస్టేషన్ 2 కోసం చేసింది. 2009 నాటి ఎక్స్‌మెన్ ఆరిజిన్స్ వుల్వరీన్ విషయంలో మాత్రం పీసీ వాళ్ళకి పెద్ద కన్సోళ్ళలో ఉన్న మంచి గేమే దక్కింది. కాబట్టి పాత సినిమా గేమ్ ఏది కొనాలన్నా ముందు పీసీ వెర్షన్ తయారుచేసిన స్టూడియో పేరు చూడండి. కన్సోల్‌కీ పీసీకీ స్టూడియోలు వేరైతే, పీసీలో ఆడిన వీడియో ఒకటి చూశాకే తీసుకోండి. స్టూడియో వేరైనంత మాత్రాన గేమ్ వేరవుతుందని కాదు, ఒక్కోసారి అదే గేమ్‌ను పీసీకి మార్చే పని వేరేవాళ్ళకి ఇస్తారు.

ఇక మీ తమ్ముడికి ఏం ఇవ్వాలి? పాత కంప్యూటరే ఉంటే 2005 నాటి అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ డిస్క్ కోసం వెతకండి. అది సినిమా గేమ్ కాదు, కామిక్స్ నుంచి తీసుకున్నది. పీసీలో కూడా నగరం మొత్తం తెరిచే ఉంటుంది, స్వేచ్ఛగా ఊగొచ్చు. మీరు వీడియోల్లో చూసిన అనుభూతికి పీసీలో దగ్గరగా వచ్చిన మొదటి గేమ్ అదేనని నా అభిప్రాయం. హక్కుల ఒప్పందాలు ముగియడంతో ఈ పాత గేములు ఆన్‌లైన్ స్టోర్లలో దొరకవు, వాడిన డిస్కులే దిక్కు. కంప్యూటర్ కాస్త కొత్తదైతే 2022 ఆగస్టులో పీసీకి వచ్చిన మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ రీమాస్టర్డ్ తీసుకోండి. కనీసం 8 జీబీ ర్యామ్, 75 జీబీ ఖాళీ ఉండాలి. 2025 జనవరిలో పీసీకి వచ్చిన మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ 2కీ మీ డిస్క్‌కీ ఏ సంబంధమూ లేదు, పేరు చూసి మళ్ళీ పొరబడకండి. అసలు 2004 కన్సోల్ గేమే కావాలంటే దాని సొంత డిస్క్, ఆ కన్సోల్ ఉన్నవాళ్ళు ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌ను ఆ కన్సోల్‌లా పనిచేయించే సాఫ్ట్‌వేర్‌లో ఆడుకుంటున్నారు.

ఒక్క మాట, ఉన్న డిస్క్‌ను పక్కన పడేయకండి. నేను విసుగొచ్చి వదిలేసిన ఆ గేమ్‌నే మా చెల్లి ఎంతో ఇష్టంగా పూర్తి చేసింది. తనకప్పుడు ఎనిమిదేళ్ళు, అన్నయ్య వాళ్ళింట్లో గేమ్ తను చూడలేదు. గుర్తు మీద క్లిక్ చేసిన ప్రతిసారీ స్పైడర్‌మ్యాన్ తన మాట విన్నాడని మురిసిపోయేది. మీ తమ్ముడు చిన్నవాడై, ఆ వీడియోలు ఇంకా చూసి ఉండకపోతే, ముందు ఈ గేమే ఆడనివ్వండి. అల్టిమేట్ డిస్క్ దొరికినా ఇది పూర్తయ్యాకే బయటికి తీయండి.