పీడన పతనమా, ఒత్తిడి తరుగా?

సందేహం: పాలిటెక్నిక్ పిల్లలకు ఫ్లూయిడ్ మెకానిక్స్ చెబుతాను. తెలుగులో నోట్సు రాసుకుంటుంటే ఒకచోట, వాల్వు దగ్గర 'ప్రెషర్ డ్రాప్'ను అదుపు చేయడం గురించి, 'కవాటం అంతటా పీడన పతనమును నియంత్రించుట' అని వచ్చింది. మళ్లీ చదివితే నాకే అర్థం కాలేదు. 'పీడన పాతం' అంటే బాగుంటుందా?
– ఒక అధ్యాపకురాలు, తిరుపతి

సమాధానం: ముందు ఆ 'అంతటా' తీసేయండమ్మా. ఊరంతటా వాన పడుతుంది, ఒళ్లంతటా దద్దుర్లు లేస్తాయి. వాల్వు అంతటా అంటే దాని ఒంటినిండా ఏదో పాకినట్టుంది. నీళ్లు వాల్వులోకి వెళ్లేముందు ఒత్తిడి ఎంత, దాటాక ఎంత అన్నదే కదా విషయం? 'వాల్వుకు ముందూ వెనకా' అంటే చాలు.

పతనం, పాతం ఒకే ధాతువులోంచి పుట్టాయి. తలకోన జలపాతంలో నీళ్లు పడతాయి, వర్షపాతంలో వాన పడుతుంది. ఒత్తిడి అలా కిందపడేది కాదు. పతనాన్ని ప్రభుత్వాలకూ టమాటా ధరలకూ వదిలేద్దాం. 'తగ్గుదల' తేలిక మాటే గానీ, నిన్నటికన్నా తగ్గిందా, వాల్వు దాటాక తగ్గిందా అన్నది తేలదు.

మా మామిడితోటలో డ్రిప్పు బిగించిన ఫిట్టరు గేట్‌వాల్వుకు అటొకటి ఇటొకటి ఒత్తిడి చూపే ముల్లు మీటర్లు పెట్టాడు. ముందు ముల్లు రెండు కేజీల మీద, వెనకది ఒకటిన్నర మీద నిలిచాయి. కేజీ అంటే చదరపు సెంటీమీటరు మీద కిలో బరువు, సుమారు పది మీటర్ల ఎత్తు నీళ్ల ఒత్తిడి. "అర కేజీ ఈ వాల్వే తినేస్తా ఉండాది సార్" అన్నాడు. అంతకన్నా చక్కటి నిర్వచనం నేను రాయలేను. తర్వాత ఇంకో చుట్టు మూశాడు, వెనక ముల్లు ఇంకాస్త దిగింది. మీరు నియంత్రణ అంటున్నది ఆ చుట్టే.

తినేసినదానికి మన దగ్గర మాట ఉంది: తరుగు. కంసాలి దగ్గరికి వెళ్లిన బంగారానికి తరుగుంటుంది, మండీలో కాటా మీది మామిడికాయలకూ తరుగు తీస్తారు. లోపలికి వెళ్లింది ఎంత, బయటికి వచ్చింది ఎంత అన్న లెక్క ఆ మాటలోనే ఉంది. 'పీడన తరుగు' అంటే సంస్కృతం మాటకు తెలుగు మాట అతికించిన వైరి సమాసమని ఎవరైనా కోప్పడితే, రోజూ చూపించుకునే 'రక్తపోటు' మాటేమిటని అడగండి. నాకైతే 'ఒత్తిడి తరుగు' ఇంకా నచ్చుతుంది.

ఒక జాగ్రత్త. వాల్వులో ఇరుకైన చోట నీళ్లు వడిగా దూరేటప్పుడు ఒత్తిడి బాగా దిగి, దాటాక కొంత కోలుకుంటుంది. తిరిగి రాని భాగమే తరుగు. ఆ ఇరుకులో మరీ దిగితే నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి, ముందుకెళ్లి చితుకుతాయి. కంకర దొర్లుతున్నట్టు చప్పుడవుతుంది, లోహం కొరుక్కుపోతుంది. ఇంకొకటి, వాల్వును కదపకుండా నీళ్ల పారుదల సగమైతే తరుగు నాలుగో వంతుకు పడుతుంది. అందుకని 'ఈ వాల్వు తరుగు అర కేజీ' అన్నది సగం వాక్యమే, ఎంత నీళ్లు పారుతుంటే అన్నదీ ఉండాలి.

కవాటం అంటే తలుపు రెక్క. ఒకవైపే తెరుచుకునే గుండె కవాటాలకు బాగా నప్పింది, నాన్ రిటర్న్ వాల్వుకూ సరిపోతుంది. చుట్లు తిప్పి సగం, పావు తెరిచేదానికి వాల్వనే రాయండి, పిల్లలకు తెలిసిందీ అదే. మీ వాక్యం ఇలా రాస్తాను: 'వాల్వుకు ముందూ వెనకా ఒత్తిడి తరుగు ఎంత ఉండాలో అంతే ఉండేలా చూడడం'.