పాత టీవీ రికార్డింగులకు ఏ రిజల్యూషన్ ఎంచుకోవాలి?

ప్రశ్న: తొంభయ్యో దశకంలో హైదరాబాద్ దూరదర్శన్‌లో వచ్చిన కూచిపూడి కార్యక్రమాలను మా నాన్నగారు వీసీఆర్‌లో రికార్డు చేసి, ఎనిమిది క్యాసెట్లు దాచారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి కోఠిలో అడిగితే, ఒక దుకాణంలో 640×480 చాలన్నారు, మరో దుకాణంలో 1920×1080 అయితేనే స్పష్టంగా ఉంటుందన్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ఆ రెండూ వద్దండి, 720×576 (వెడల్పు 720, ఎత్తు 576 చుక్కలు) అడగండి. మన దూరదర్శన్ ప్రసారాలు పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిలో వచ్చేవి. అందులో ఒక్కో ఫ్రేముకు 625 గీతలు ఉంటే, బొమ్మగా కనిపించేవి 576. మీకు చెప్పిన 480 అనే సంఖ్య అమెరికా, జపాన్‌లు వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి చెందినది.

ఆ 576 గీతలూ ఒకే క్షణానివి కావు. ముందు ఒక వరుస విడిచి ఒక వరుస గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత మిగిలిన గీతలు వస్తాయి. నర్తకి చెయ్యి విసిరినప్పుడు మొదటి గీతల్లో వేళ్లు ఒకచోట ఉంటే, రెండో గీతల్లో కాస్త పక్కకు జరిగి ఉంటాయి. ఈ స్థితిలోనే ఎత్తును 480కి కుదిస్తే రెండు క్షణాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వేళ్ల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి మసక ఉండిపోతుంది. తర్వాత దాన్ని సరిగా విడదీయడం దాదాపు అసాధ్యం. పాత వీసీడీలలో లాగా 288కి తగ్గిస్తే ఒక విడత గీతలు పోయి కదలికలో సగమే మిగులుతుంది. నృత్యానికి ఇంతకంటే నష్టం మరొకటి లేదు.

వెడల్పు విషయంలో అంత భయం అక్కర్లేదు. వీహెచ్‌ఎస్ టేపు అడ్డంగా నిలుపుకోగలిగేది సుమారు 240 టీవీ లైన్ల (విడివిడిగా కనిపించే నిలువు గీతల లెక్క) వివరమే కనుక 720 దానికి సరిపోగా ఇంకా మిగులుతుంది. 1920×1080కి పెంచినంత మాత్రాన టేపులో లేని వివరం రాదు, పైగా 4:3 (వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు) బొమ్మను తెర నిండా సాగదీస్తే ముఖాలు లావుగా కనిపిస్తాయి.

అందువల్ల 720×576, సెకనుకు 25 ఫ్రేములు, 4:3, ఇంటర్లేస్డ్‌గానే (పైన చెప్పినట్లు గీతలు రెండు విడతలుగా ఉండేలా) ఉంచమని దుకాణంవారికి కాగితం మీద రాసివ్వండి. డీవీ అనే డిజిటల్ వీడియో ఫార్మాటులో గంటకు సుమారు 13 జీబీ అవుతుంది కాబట్టి, క్యాసెట్లన్నీ మూడేసి గంటలవే అయినా 500 జీబీ డిస్కులో పడతాయి. ఫోన్లో చూసుకోవడానికి ఈ అసలు ఫైలు నుంచే డీఇంటర్లేస్ చేసి (రెండు విడతల గీతలను వేర్వేరు పూర్తి బొమ్మలుగా మార్చి), సెకనుకు 50 ఫ్రేములతో 768×576 కాపీ వేరుగా తీయించుకోవచ్చు.

ఆడించిన ప్రతిసారీ టేపు కొంత అరుగుతుంది కనుక ఎనిమిదీ ఒకేసారి ఇవ్వకుండా ముందు ఐదు నిమిషాల నమూనా చేయించండి. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో డీఇంటర్లేస్ ఆపి, వేగంగా చెయ్యి కదిలే చోట వీడియోను నిలిపి చూడండి: దువ్వెన గీతలు పదునుగా, విడివిడిగా ఉంటే మిగతా క్యాసెట్లు నిశ్చింతగా ఇవ్వవచ్చు, అలుక్కుపోయినట్లుంటే ఎత్తు మార్చేశారన్నమాట, మళ్లీ చేయమనండి.