యూరిన్ ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ రాకుండా ఏ కషాయం తాగాలి?

ఏడాదిలో మూడు నాలుగు సార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తోంది, అది కిడ్నీ వాపు దాకా పోకుండా ఇంట్లో కాచుకుని తాగే మూలికలేమైనా ఉన్నాయా అని అడిగారు. నాకూ ఇది పాత చుట్టమే. నేను డాక్టర్‌ని కాదు. చాలాకాలం పడ్డాను కాబట్టి తెలిసింది చెబుతున్నాను.

ముందు ఒక మాట. ఈ కషాయాల్లో చాలావాటి విషయంలో అసలు పని చేసేది మూలిక కాదు, అది మరిగిన నీళ్లే. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. అందరూ రోజుకు లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగేవాళ్లే. సగం మందిని రోజూ ఇంకో లీటరున్నర నీళ్లు అదనంగా తాగమన్నారు. ఏడాది తిరిగేసరికి వాళ్లకు సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, మిగతా సగానికి 3.2 సార్లు వచ్చింది. ఏ ఆకూ వేరూ లేవు, ఉత్త మంచినీళ్లు! ఎక్కువ ఇన్ఫెక్షన్లకు కారణం మన పేగుల్లోనే ఉండే ఈ.కోలి బ్యాక్టీరియా. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే కాబట్టి అది తేలిగ్గా పైకి పాకేస్తుంది. మూత్రం ఎప్పటికప్పుడు పోతుంటే ఆ బ్యాక్టీరియా మూత్రాశయం గోడకు అంటుకునే లోపే కొట్టుకుపోతుంది. అందుకే ఎన్ని తాగినా, "ఈ పని అయ్యాక వెళ్దాంలే" అని ఆపుకుంటే లాభం లేదు.

సరిపడా తాగానో లేదో నేను రంగును బట్టి చూసుకుంటాను. లేత పసుపులో ఉంటే చాలు. బి కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మాత్రం ఈ లెక్క నమ్మొద్దు, ఎంత తాగినా ముదురు పసుపుగానే వస్తుంది.

ఉత్త నీళ్లు అంతంత తాగాలంటే నాకు మొహం మొత్తుతుంది. అక్కడ బార్లీ ఆదుకుంది. రెండు చెంచాల గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున లీటరు నీళ్లలో సన్నని సెగ మీద కాస్తాను. గింజ వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి, నీళ్లు తెల్లబడి కాస్త జారుగా అవ్వాలి. వడగట్టి చల్లారాక కొంచెం నిమ్మరసం పిండుకుంటాను. చక్కెర వేయను. ఇది సూక్ష్మక్రిముల్ని చంపుతుందని నేననను. రుచిగా ఉండటంతో రోజంతా నీళ్లు లోపలికి పోతాయి, అంతే. మొక్కజొన్న కండె మీది పీచు టీ కూడా అలాంటిదే. మూత్రం జారీ అవుతుందని పాతకాలం నుంచి వాడుతున్నారు గానీ, ఇన్ఫెక్షన్‌ను ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

కాస్త నిజమైన ఆధారం ఉన్నది క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్ర పండుకి. అందులోని ప్రోయాంతోసయనిడిన్లు అనే పదార్థాలు ఈ.కోలి మూత్రాశయం గోడకు అంటుకోకుండా అడ్డుపడతాయి. 2023లో కాక్రేన్ సంస్థ 50 అధ్యయనాలను కలిపి చూసి, తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో ముప్పు దాదాపు పావు వంతు తగ్గుతుందని తేల్చింది. పిల్లల్లో సగానికి పైగా తగ్గింది. గర్భిణులకు, సంరక్షణ కేంద్రాల్లో ఉండే వృద్ధులకు మాత్రం ఉపయోగం కనబడలేదు. జ్యూస్ కొంటే లేబుల్ మీద చక్కెర ఎంతుందో చూడండి, చాలావాటిలో పేరుకే క్రాన్‌బెర్రీ. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. డి-మానోస్ అనే ఒక రకం చక్కెర పౌడర్ గురించి కూడా బాగా చెబుతుంటారు. 2024లో 598 మంది ఆడవాళ్ల మీద పరీక్షిస్తే, ఉత్తుత్తి పౌడర్ తీసుకున్నవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

బేర్‌బెర్రీ ఆకు టీ, దీన్నే ఉవా ఉర్సి అని కూడా అమ్ముతారు, రోజూ తాగేది కాదు. అందులోని ఆర్బుటిన్ ఒంట్లో హైడ్రోక్వినోన్‌గా మారుతుంది. అది ఎక్కువైతే హాని చేస్తుంది కాబట్టి వారం మించి వాడొద్దంటారు. గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు.

ఇక కిడ్నీ వాపు. ఇందులో రకాలున్నాయి. ఇన్ఫెక్షన్ పైకి పాకి వచ్చేది ఒకటి, దానికి యాంటీబయాటిక్ తప్పనిసరి. రోగనిరోధక వ్యవస్థ గతి తప్పి వచ్చే నెఫ్రైటిస్ వేరు, దానికి ఏ కషాయంతోనూ సంబంధం లేదు. నాకు ఒకసారి మొదటి రకం వచ్చింది. మంట కంటే ముందు వణుకు మొదలైంది. దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి, వీపు వైపు పక్కటెముకల కింద చెయ్యి తగిలితే ప్రాణం పోయినట్టయింది. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, ఈ మూడింట్లో ఏది కనబడినా బార్లీ గిన్నె పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మూత్రంలో రక్తం కనబడినా, గర్భంతో ఉన్నా అంతే.

మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లలో పదుల మందికి కిడ్నీలు పూర్తిగా చెడిపోయాయి. వాటిలో అరిస్టోలోకియా అనే మొక్క కలిసి ఉండటమే కారణం. అందుకే ఏమేం కలిపారో రాయని పొడి ప్యాకెట్‌ను నేను కొనను. ఇప్పటికే కిడ్నీ లేదా గుండె జబ్బు ఉండి నీళ్లు తగ్గించమన్నవాళ్లకు, పైన చెప్పిన "ఎక్కువ తాగండి" సలహా కూడా వర్తించదు.

మీకు వస్తున్నన్నిసార్లు వస్తుంటే ఈసారి యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కి, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి, శాంపిల్ ఇవ్వండి, అది ఏ మందుకు లొంగుతుందో తేలుతుంది. నెలసరి ఆగిపోయిన వయసైతే యోనిలో వాడే ఈస్ట్రోజన్ క్రీమ్ గురించి, లేకపోతే మెథెనమైన్ మాత్రల గురించి అడగండి. మెథెనమైన్ యాంటీబయాటిక్ కాకపోయినా నివారణలో వాటికి తీసిపోదని 2022లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో తేలింది.