పాత టర్బో ఎక్కడుంది?

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడ నుంచి వస్తుండగా కాజ టోల్‌గేటు దాటాక నా సొంత డీజిల్ కారు ఒక్కసారిగా పికప్ కోల్పోయి, ఎంత తొక్కినా అరవై దాటలేదు. అధీకృత సర్వీస్ సెంటర్ వారు టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) పోయిందని చెప్పి, కొత్తది వేసి రూ.94,600 తీసుకున్నారు. నలభై రోజులకే, పెళ్ళివారితో వెళ్తుండగా, మళ్ళీ అదే జబ్బు. బంధువుల ముందు తలవంపులైంది. చివరికి ఆటోనగర్ మెకానిక్ ఒకరు చిరిగిన గాలి గొట్టం మార్చి రూ.1,850తో బాగుచేశారు. మొదటి బిల్లు కట్టి ఇరవై రెండు నెలలైంది. మేనేజరు ‘చూద్దాం’ అంటూనే ఉన్నాడు. పాత టర్బో బాగానే ఉందని ఆ మెకానిక్ రాసిస్తానంటున్నాడు. మానసిక వేదనకు ఐదు లక్షలు వస్తాయా?

జవాబు: మీ మూడు పేజీల ఉత్తరంలో రెండు పేజీలు పెళ్ళి ప్రయాణానికే పోయాయి. కేసు మాత్రం ఒకే ప్రశ్న మీద నిలుస్తుంది: విప్పిన రోజున మీ టర్బో నిజంగా చెడిపోయి ఉందా, లేక సరిగా పరీక్షించకుండానే మార్చేశారా?

మీరు జతచేసిన రెండు జాబ్ కార్డులలోనూ (చేసిన పని వివరాలు రాసే కాగితాలు) స్కానర్ చూపిన కోడ్ పి0299 అని ఉంది. ఇంజనుకు అందవలసినంత గాలి ఒత్తిడి అందడం లేదన్నదే ఆ కోడ్‌కు అర్థం. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచే భాగం) మీదుగా వెళ్ళే రబ్బరు గొట్టం చీలినా, టర్బో ఒత్తిడిని అదుపుచేసే యాక్చుయేటర్‌కు వెళ్ళే సన్నని వాక్యూమ్ పైపు ఊడినా, మసి పేరుకుని టర్బో రెక్కలు బిగుసుకున్నా, సెన్సర్ తప్పు చెప్పినా అదే కోడ్ రావచ్చు. అందువల్ల గొట్టాలలోకి పొగ పంపి లీకు వెతికి, యాక్చుయేటర్ కదలికను, టర్బో షాఫ్టు (ఇరుసు) ఎంత వదులుగా ఊగుతోందో చూసిన తరువాతే టర్బో మీద తీర్పు చెప్పాలి. టర్బో షాఫ్టు, సీళ్ళు అరిగిపోతే సాధారణంగా గొట్టంలో ఆయిలు, వెనుక నీలిపొగ కనిపిస్తాయి. మీరు చెప్పిన నల్లపొగ, తొక్కినప్పుడు వచ్చిన బుస్సుమనే శబ్దం గాలి లీకునే సూచిస్తున్నాయి. అయినా సూచన వేరు, రుజువు వేరు. గొట్టం తమ మరమ్మతు తరువాతే చిరిగిందని అవతలి న్యాయవాది తప్పక వాదిస్తారు.

ఆ వాదనకు సూటిగా జవాబు చెప్పగలిగిన వస్తువు పాత టర్బో. దానిని మీరు అడగనైనా అడగలేదు. తొంభై వేలు పోసి భాగం మార్పించుకుని, విప్పిన భాగాన్ని చూడకుండా తాళంచెవి పుచ్చుకుని రావడం ఎంత అజాగ్రత్తో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. అదృష్టవశాత్తు, చిరిగిన గొట్టం ఇంకా డిక్కీలోనే ఉందని తా.క.లో ఒక్క ముక్క రాశారు. మీ ఉత్తరం మొత్తంలో నాకు పనికివచ్చిన వాక్యం అదే. దానిని కడగవద్దు, తుడవవద్దు. అంచుల మీది మసి, ఆయిలు మరకలు అలాగే ఉండాలి. ఆటోనగర్ బిల్లు పక్కన పెట్టి ఫోటోలు తీసి, కవరులో వేసి భద్రపరచండి. మెకానిక్ తీసిన వీడియో ఉన్న ఫోనును కూడా మార్చవద్దు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రంతో దానిని దాఖలు చేయవలసి ఉంటుంది.

మెకానిక్ రాసిస్తానన్న కాగితం జోలికి మాత్రం పోకండి. ఆయన పాత టర్బోను కంటితో చూడలేదు. చూడనిది చూసినట్లు ప్రమాణపత్రం దాఖలు చేస్తే అది తప్పుడు సాక్ష్యం, అంటే నేరం. ఆయనతో పాటు తెలిసి దానిని వాడుకున్న మీరూ ఇరుక్కుంటారు, పైగా మీ నిజమైన సాక్ష్యాన్ని కూడా ఎవరూ నమ్మరు. తాను చూసిన గొట్టం గురించి, తాను చేసిన పని గురించి ఆయన ప్రమాణపత్రం ఇస్తే చాలు.

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (కేసుకు దారితీసిన సంఘటన) తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళలో ఫిర్యాదు చేయాలి. మేనేజరు ‘చూద్దాం’ అన్న ప్రతిసారీ ఆ గడువు పొడిగించబడదు, మీరు నోటీసు ఇచ్చినా పొడిగించబడదు. గొట్టం సంగతి తెలిసిన తేదీ నుంచి లెక్కించాలని వాదించవచ్చు గాని, ఇంకా రెండు నెలలు చేతిలో ఉండగా ఆ వాదన మీద ఆధారపడడం అనవసరం. మొదటి బిల్లు తేదీనే లెక్కకు తీసుకోండి.

ఈ వారమే అందినట్లు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, టర్బో విప్పక ముందు చేసిన పరీక్షల నివేదికలు, పాత టర్బో ఆచూకీ అడగండి. జవాబుకు పదిహేను రోజులు చాలు. మీ నివాసం గుంటూరే కనుక అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. మీ ఫిర్యాదు సేవాలోపం గురించి కనుక కారు తయారీ కంపెనీని ఇందులోకి లాగనక్కరలేదు. బిల్లు సొమ్ము, వడ్డీ, ఖర్చులు, సమంజసమైన పరిహారం కోరండి. ఐదు లక్షలని రాస్తే బలమైన కేసు కూడా అత్యాశలా కనిపిస్తుంది. వారు నివేదికలు ఇవ్వకపోయినా ఆగవద్దు. ఫిర్యాదు గడువులోగా దాఖలు చేసి, పత్రాలను, పాత టర్బోను హాజరుపరచేలా ఆదేశించాలని కమిషన్‌నే కోరండి. ఆ అధికారం దానికి ఉంది.